పావని ఒక్కపొద్దు

థియేటర్ సిద్ధంగా ఉంది. బెంగళూరు నుంచి వచ్చిన సర్జన్ సిద్ధంగా ఉన్నాడు. మత్తు డాక్టరు సిరంజి చేతిలోకి తీసుకుని మరీ సిద్ధంగా ఉన్నాడు. అలాంటి ఆపరేషన్‌ను ఒకే ఒక్క మాటతో ఆపించిన ఘనత నాది. అదేమీ ఇంగ్లీషు మాట కాదు, కోర్టు మాట కాదు. మా అమ్మ వారం వారం వాడే మామూలు తెలుగు మాట. దాన్ని తీసుకుపోయి తప్పు చోట పెట్టాను, అంతే. మీరు నవ్వుకోవడానికే చెబుతున్నాను కాబట్టి మొహమాటపడకండి. ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను అనంతపురంలో బీఎడ్ చదువుతుండేదాన్ని. అందులో పిల్లల మనస్తత్వం మీద ఒక పేపరుండేది. ఆ పేపర్లో నాకు తరగతి మొత్తంలో ఎక్కువ మార్కులొచ్చాయి. ఈ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత జరిగిన నష్టం మీకు అర్థం కాదు. అప్పటికి నేను సొంతంగా పెంచింది ఒక పిల్లిని. అది కూడా ఇల్లు వదిలి వెళ్లిపోయింది.

మా ఊరు పామిడి దగ్గర, పెన్న ఒడ్డున. ఒడ్డు అనగానే నీళ్లు ఊహించుకోకండి, ఇసుక ఊహించుకోండి. ఆ ఎండాకాలం మా అక్క రెండో కాన్పుకు పుట్టింటికొచ్చి, పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని చీకటి గదిలో బాలింతగా ఉంది. బావ లారీ డ్రైవరు. ఆయన ఏ రోజు ఏ రాష్ట్రంలో ఉంటాడో లారీకి తెలియాలి. వాళ్ల పెద్దకూతురు పావనికి ఐదేళ్లు. ఆ పిల్లకు టాన్సిల్స్. నెల తిరిగేసరికి జ్వరం. మెత్తటి ఇడ్లీ మింగడానికి కూడా కళ్లనీళ్లు పెట్టుకునేది. నిద్రలో గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేది. అప్పుడు అక్క లేచి కూర్చుని, ఒక చేత్తో పసిదాన్ని పట్టుకుని ఇంకో చెయ్యి పావని రొమ్ము మీద పెట్టి చూసేది. తీసెయ్యాల్సిందే అన్నారు డాక్టర్లు. సర్జన్ అనంతపురానికి మంగళవారం మాత్రమే వస్తాడు. ఆ మంగళవారానికి పిల్లకు జ్వరం ఉండకూడదు. జ్వరం లేని వారం దొరకడమే మాకు కష్టంగా ఉండేది.

చివరికి అలాంటి వారం ఒకటి దొరికింది. అక్క నన్ను పిలిచింది.

"పావనిని నువ్వే తయారు చేయల్ల సుజాతా. నేను కదల్లేను. అమ్మకు అప్పగిస్తే ఏడ్సి పిల్లను గూడా ఏడిపిస్తాది. నాయనకు అప్పగిస్తే ఊరంతా చెప్పుకోనొస్తాడు."

"నువ్వేం దిగులు పడొద్దుక్కా. పిల్లల మనసు నాకు బాగా తెలుసు."

"అది సరే గానీ, నీ పిల్లి యాడికి పోయిందే?" అంది అక్క.

నేను ఆ మాట పట్టించుకోలేదు. పెద్ద పని ముందున్నవాళ్లు చిన్న మాటలు పట్టించుకోకూడదు.

తెలియనిదంటేనే పిల్లలకు భయమనీ, తెలిస్తే అదే ఆటవుతుందనీ చదువుకున్నాను. అందుకని మా పడసాలలో ఒక ఆసుపత్రి తెరిచాను. నులకమంచం ఆపరేషన్ బల్ల. నాయన తువ్వాలు ముఖానికి మాస్కు. మత్తు ఇచ్చే గొట్టం స్థానంలో టీ వడగట్టే జల్లెడ. దాన్ని ముక్కు మీద పెట్టి, "ఒకటి, రెండు అని లెక్కపెడతాండు, నిద్దరొస్తాది. లేసేసరికి గొంతులో గడ్డలుండవు, ఐస్‌క్రీం ఉంటాది" అని పావనికి నేర్పించాను. ముందు గుడ్డబొమ్మకు చేశాం. బొమ్మకు ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత పావనికి మనిషి కావాల్సి వచ్చాడు.

"తాతా, పండుకో. నీ గడ్డలు తీస్తా."

"తియ్యి తల్లీ," అన్నాడు నాయన, అప్పుడే చేను నుంచి వచ్చి మంచమెక్కుతూ. "వాన ల్యాక చేను నిండా గడ్డలే. పనిలో పని అవి గూడా తీసి పో."

పావని జల్లెడ ఆయన ముక్కు మీద బోర్లించి లెక్కపెట్టమంది. నాయన నాలుగు దాకా లెక్కపెట్టి నిజంగానే నిద్రపోయాడు. ఎండలో చేను దున్నిన మనిషి, నడుం వాల్చడమే ఆలస్యం.

"చిన్నమ్మా! తాతకు మత్తెక్కినాది!" అని అరిచి, పావని గరిటె తీసుకుని ఆయన నోరు తెరవబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ప్రాక్టికల్స్ అంతవరకు చాలనుకున్నాను.

ఇంతలో పక్కింటి రంగమ్మక్క వచ్చింది. "మీ ఇంట్లో ఆపరేషనంట గదా? మంచి పని చేసినారు. ఇద్దరు శానా, ఈ కాలానికి."

"అక్కకు కాదు రంగమ్మక్కా, పాపకు."

రంగమ్మక్క పావనిని కింది నుంచి పైదాకా చూసింది. నన్ను కూడా చూసింది. గబగబా వీధిలోకి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో మా ఊళ్లో ఆపరేషనంటే ఒకటే ఆపరేషన్, ఇద్దరు పిల్లల తల్లులకు చేసేది. పొద్దుగూకేలోగా ఊళ్లో సగం మందికి మేము ఐదేళ్ల పిల్లకు అది చేయిస్తున్నామని తెలిసింది. మిగతా సగం మంది కనుక్కుపోవడానికి ఇంటికొచ్చారు. మాట తప్పు చోట పడితే ఎంత పని చేస్తుందో నేను అప్పుడే నేర్చుకోవాల్సింది. కానీ నేను నేర్చుకున్నది వేరు. జనానికి ఏదైనా చెప్పాలంటే వాళ్లకు అలవాటైన మాటలోనే చెప్పాలని తీర్మానించుకున్నాను.

ఆ తీర్మానమే నన్ను ముంచింది.

ఆసుపత్రిలో ఒక్క విషయం గట్టిగా చెప్పి పంపారు. మంగళవారం పొద్దున పిల్ల నోట్లో ఏమీ పడకూడదు, నీళ్లు కూడా. ఈ మాట నాకే చెప్పారు. నాకొక్కదానికే చెప్పారు. నేను బుద్ధిగా తలూపి, సోమవారం సాయంత్రం అమ్మకు చెప్పాను.

"అమ్మా, రేపు పొద్దున పాపకు ఏమీ పెట్టొద్దు."

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగిపోయింది. "ఏమీ అంటే?"

"ఏమీ. పస్తు."

అంతే. మా అమ్మ ముఖం చూసి నేను భయపడ్డాను.

"పస్తా? పసిబిడ్డను పస్తు పెట్టల్లనా? కరువులో గంజి కేంద్రం కాడ ఎండలో నిలబడి, తనకు పోసిన గంజి గూడా నాకే తాపినాది మా యమ్మ. ఆయమ్మ పస్తుండాది గానీ నన్ను పస్తు పెట్టలే. ఇయ్యాల ఇంట్లో బియ్యముండి, బొరుగులుండి, పాడి ఉండి, బిడ్డ కడుపు మాడ్సి కోతకు పంపల్లనా? అదేం ఆసుపత్రే?"

అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. గదిలోంచి అక్క కంగారుగా పిలుస్తోంది. పావని తలుపు దగ్గర నిలబడి ఇదంతా వింటోంది. ఇంకొంచెం ఆగితే వారం రోజుల నా ఆసుపత్రి ఆట మొత్తం మట్టి కొట్టుకుపోతుంది. అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ ఆలోచన గురించి తలచుకుంటే నాకు చెమట పడుతుంది.

"పస్తు కాదులేమ్మా. ఒక్కపొద్దు అనుకో."

అమ్మ ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. "ఒక్కపొద్దా?"

"ఆ. ఒక్కపొద్దు."

"ఆ మాట ముందే చెప్పల్ల గదే! మంగళారం గదా రేపు? కసాపురం ఆంజనేయసామి దినమే. బిడ్డ బాగయితే కొండకొస్తామని మొక్కుకుంటా. ఇయ్యాల్నే ఇల్లు అలికి పెడతా."

పావని పరుగెత్తుకొచ్చింది. "నేనూ అవ్వ మాదిరి ఒక్కపొద్దుంటానా?"

"ఉంటావు బంగారూ."

ఇల్లంతా ఒక్క క్షణంలో కుదుటపడింది. ఒక్క మాట! పస్తు అంటే ఏడ్చిన ఇల్లు ఒక్కపొద్దు అనగానే పండగ చేసుకుంది. ఆ రాత్రి నేను బీఎడ్ చదువుతున్నందుకు గర్వపడి పడుకున్నాను.

తెల్లవారుజామున లేచి, ఫోన్ బూత్ తెరిచేదాకా దాని ముందు నిలబడి, బావకు అందించమని ఆయన లారీ ఓనరుకు ఆపరేషన్ కబురు చెప్పి ఇంటికొచ్చాను. ఇంట్లో పోపు వాసన ఘుమఘుమలాడుతోంది. నాయన చేనికి పోవాలి కదా, ఆయన కోసం అనుకున్నాను. పావని తలంటి పోసుకుని, పసుపు పావడ కట్టుకుని, నుదుట సింధూరంతో దేవుడి పటం ముందు నిటారుగా కూర్చుని ఉంది.

"ఏమీ తినలేదు కదా బంగారూ?"

"తినలే చిన్నమ్మా. ఒక్కపొద్దు."

"తింటాదా నా మనవరాలు?" అంది అమ్మ వెనకనుంచి. "బియ్యం గింజ ముట్టలే."

తెలివైనవాళ్లయితే ఆ 'బియ్యం గింజ' దగ్గర ఆగి ఉండేవారు. నేను బస్సెక్కాను.

ఇక ఆ బస్సు ప్రయాణం. మా సీమలో ఎవరైనా పిల్లను చూస్తే పేరు తర్వాత అడుగుతారు, ముందు చేతిలో ఏదో ఒకటి పెడతారు. పిల్ల చేతిలో ఏదీ పడకుండా అనంతపురం చేర్చడమంటే తేనెపట్టును జేబులో పెట్టుకుని ఈగ వాలకుండా తీసుకుపోవడమే. కండక్టర్ టిక్కెట్టుతో పాటు పిప్పరమెంటు తీశాడు. నేను మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాను. పక్క సీటు ముసలమ్మ ఒడి విప్పి ఉడకబెట్టిన శెనక్కాయలు గుప్పెడు తీసింది. నేను ఆమెకూ పావనికీ మధ్యలోకి జరిగి గోడలా కూర్చున్నాను.

"తిననీ పాపా, చెనక్కాయే గదా," అంది ముసలమ్మ నొచ్చుకుని.

"వద్దవ్వా. నేను ఒక్కపొద్దుండా," అంది పావని.

బస్సులో ఆ పక్క సీట్లన్నీ ఇటు తిరిగాయి. ముసలమ్మ పావని గడ్డం పట్టుకుని వేళ్లు ముద్దుపెట్టుకుంది. "ఈ వయసులో ఒక్కపొద్దా! ఏమప్పా, సూడండప్పా, ముక్కుపచ్చలారని బిడ్డ ఆకలి గూడా అనకుండా ఎట్ల కూసోనుండాదో! ఎవురు నేర్పిచ్చినారమ్మా నీకు?"

"మా చిన్నమ్మ."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ వినయంగా ఉన్నాను. నిజంగానే ఆ పిల్ల ఒక్కసారి కూడా ఆకలి అనలేదు. దాహం అనలేదు. మధ్యలో ఒకసారి బాగా పెద్ద తేన్పు మాత్రం తేన్చింది. ఖాళీ కడుపులో గాలి చేరితే అలాగే వస్తుందని పక్కామెకు నేనే వివరించాను. ఆమె కూడా ఒప్పుకుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. నేను రచ్చ మొత్తం గెలిచి ఆసుపత్రి మెట్లెక్కాను.

నర్సు మా పక్కదే, గుత్తి మనిషి. "పొద్దున్నుంచి ఏమన్నా తినిందా పాప?" అని అడిగింది.

"ఒక్కపొద్దు సిస్టర్," అన్నాను. ఆ అనడంలో కొంత గొప్ప కూడా కలిసింది.

"మంచిది," అని ఆమె లోపలికి పంపేసింది. మా సీమవాళ్లకు ఆ మాట అంటే అంత నమ్మకం.

మత్తు డాక్టరు గోదావరి జిల్లావాడు. కొత్తగా వచ్చాడు. మనిషి నిదానం, మాటలో సాగదీత. పావనిని మంచం మీద కూర్చోబెట్టుకుని, మాటల్లో పెడదామని కబుర్లు మొదలెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏమ్మా బుజ్జీ, భయమేస్తోందా?"

"లేదు. నేను ఒక్కపొద్దుండా."

"అబ్బో! ఒక్కపొద్దంటే మీ ఊళ్లో ఏం చేస్తారేంటి?"

"అన్నం తినకూడదు."

"మరి?"

"ఉగ్గాని తినల్ల."

డాక్టరు చెయ్యి సిరంజి దగ్గరే ఆగింది. "ఉగ్గా? ఇంత పిల్లవి, నీకింకా ఉగ్గేంటమ్మా?"

"ఉగ్గు కాదు సార్, ఉగ్గాని!" పావనికి ఆయన అమాయకత్వం మీద జాలేసింది. "బొరుగులు నీళ్లల్లో ఏసి పిండల్ల. పోపు పెట్టల్ల. పైన పప్పుల పొడి సల్లల్ల. ఎర్రగడ్డ ఏయకూడదు, ఒక్కపొద్దు గదా."

"ఎర్రగడ్డంటే?" అని డాక్టరు నా వైపు చూశాడు.

"ఉల్లిపాయ," అన్నాను. ఆ గదిలో ఆ రోజు నేను చెప్పగలిగిన ఒకే ఒక్క సరైన సమాధానం అది.

"ఎంత తిన్నావు తల్లీ?"

"అవ్వ అన్నం తినే తట్ట నిండా పెట్టినాది. మల్లా సామికి నైవేద్యం పెట్టింది గూడా నాకే పెట్టినాది. రెండు అరటిపండ్లు తినినా. పాలు తాగినా."

"ఇంకా?"

"'ఇంగ శాలు అవ్వా, ఆపరేషనుండాది' అంటి."

డాక్టరు సిరంజి ట్రేలో పెట్టేశాడు. నాతో కోపంగా మాట్లాడలేదు. కోపంగా మాట్లాడి ఉంటే బాగుండేది. "చూడమ్మా, కడుపులో తిండి ఉండగా మత్తిస్తే అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్ల ఊపిరాడక పోవచ్చు. ఈ పాప చెప్పకపోతే నేనిచ్చేసేవాణ్ణే," అన్నాడు మెల్లగా.

బస్సంతా నేను కాపలా కాసింది దేనికి? ముసలమ్మ శెనక్కాయలకు అడ్డం కూర్చున్నాను, కండక్టర్ పిప్పరమెంటుకు చెయ్యి అడ్డం పెట్టాను. ఆ చెయ్యితోనే పిల్లను తీసుకొచ్చి చావు గడప మీద కూర్చోబెట్టాను. పావనిని దగ్గరికి లాక్కున్నాను. దాని నోటి దగ్గర పోపు వాసన, పాల వాసన. అంతసేపూ పక్కనే ఉండి నాకు ఆ వాసన ఎందుకు తెలియలేదో నేటికీ నాకు తెలియదు.

సర్జన్ వచ్చి వచ్చే మంగళవారం రమ్మన్నాడు. ఆలోగా జ్వరం రాకుండా ఉంటే.

"ఆపరేషన్ అయిపోయినాదా చిన్నమ్మా?"

"లేదు బంగారూ."

"మరి ఐస్‌క్రీం?"

"అదీ లేదు."

ఒక్కపొద్దు అంత నిష్ఠగా ఉన్నా ఫలితం దక్కలేదని పావని అప్పుడు ఏడ్చింది. బస్సులో ఇంటిదాకా ఏడ్చింది. వచ్చేటప్పుడు కూడా అదే కండక్టర్ దొరికాడు. పిప్పరమెంటు తీశాడు. ఈసారి నేనే తీసుకుని పిల్ల నోట్లో పెట్టాను.

ఇల్లు చేరగానే అమ్మ ఎదురొచ్చింది. "ఏమే, అప్పుడే అయిపోయినాదా?"

"కాలేదమ్మా! పాపకు ఏం పెట్టినావు?"

"ఏమీ పెట్టలే. ఒక్కపొద్దు గదా."

"ఉగ్గాని పెట్టలేదా?"

"పెట్టినా. అది తిండెట్లయితాది? అన్నమా అది?"

"అరటిపండ్లు?"

"పండ్లు పలారం. అయ్యి గూడా పెట్టకుంటే ఒక్కపొద్దు ఎట్లుంటాది బిడ్డ?"

ఇప్పుడు మీకు చెప్పాలి. మా అమ్మ ప్రతి శనివారం ఒక్కపొద్దుండేది. మామూలు రోజుల్లో రెండు పూటలు తినే మనిషి, ఒక్కపొద్దు రోజున మాత్రం పొద్దున ఉగ్గాని, తర్వాత పండు, మధ్యాహ్నం గుగ్గిళ్లు, సాయంత్రం పాలు, మళ్లీ దోసెలు. అన్నం మాత్రం ముట్టేది కాదు. ఇది నేను పుట్టినప్పటి నుంచి కళ్లారా చూస్తున్నదే. పిల్లల మనస్తత్వం తెలిసినదాన్ని, తల్లి శనివారం మాత్రం తెలుసుకోలేకపోయాను.

జరిగింది చెప్పి, డాక్టరన్న మాట కూడా చెప్పాను. గదిలోంచి అక్క ఏడుపు వినిపించింది. అమ్మ గోడకు చేరగిలబడిపోయింది. తర్వాత నన్ను చూసి మెల్లగా అడిగింది.

"పస్తుకు పస్తని పేరుండాది గదే. దానికి ఇంగో పేరు ఏంటికి పెడితివి?"

"నువ్వు ఏడుస్తావని."

"ఏడ్సేదాన్ని ఏడ్వనియ్యల్ల. ఏడ్సినా పెట్టకుండా ఉందును."

ఇంత చిన్న మాట మా నోట్సులో ఎక్కడా లేదు.

ఆ వారమంతా మా ఇంట్లో ఎవరూ తుమ్మలేదు. తుమ్ము వస్తే నాయన పెన్న ఇసుకలోకి పోయి తుమ్మి వచ్చేవాడు. పూటకొకసారి అందరం పావని నుదురు ముట్టుకునేవాళ్లం. అందరూ ముట్టుకోవడంతోనే దానికి వేడెక్కుతుందేమోనని అక్క కేకలేసింది. సోమవారం సాయంత్రానికి కూడా జ్వరం రాలేదు. నేను పావనిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏ ఆటా ఆడించకుండా, ఉన్నదున్నట్టు చెప్పాను.

"రేపు పస్తు. ఏమీ తినకూడదు. ఉగ్గాని గూడా."

"నీళ్లు?"

"నీళ్లు గూడా."

పావని ఆలోచించింది. "నువ్వుంటావా పస్తు?"

"ఉంటా."

"ఒట్టేయ్."

ఒట్టేశాను. అమ్మ ఆ పక్కనుంచి అంది, "నేనూ వస్తా ఆసుపత్రికి. నేను ఒక్కపొద్దుంటా."

మంగళవారం బస్సులో పావని ఆకలని ఏడ్చింది. నేను చదివిన చదువులో ఒక్క ముక్క కూడా అక్కరకు రాలేదు. "నాగ్గూడా ఆకలే బంగారూ" అంటే మాత్రం కాసేపు ఊరుకునేది. ఆసుపత్రిలో గుత్తి నర్సు ఈసారి నన్ను చూడగానే లేచి నిలబడింది.

"అన్నం తినిందా? ఉగ్గాని? పండ్లు? ప్రసాదం? పాలు? నీళ్లు?" అని ఒక్కొక్కటే అడిగింది. ఆ ఆసుపత్రిలో ప్రశ్నలు అన్ని కావడానికి కారణం నేనే.

మత్తు డాక్టరు ముక్కు మీద పెట్టే మత్తు గొట్టం చేతిలోకి తీసుకోగానే పావని దాన్ని గుర్తుపట్టింది. "ఇది నాకు తెలుసు. మా తాతకు పెట్టినా. నాలుగుకే గురక పెట్టినాడు." అలా అంటూనే లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

ఆ తలుపు బయట మేమిద్దరం కూర్చున్నాం. అమ్మ కసాపురం స్వామిని తలుచుకుంటోంది. నేను ఎవరిని తలుచుకోవాలో తెలియక, వారం కిందట ఇదే తలుపు లోపల ఏమి జరిగి ఉండేదో అదే తలుచుకుంటూ కూర్చున్నాను. పైన ఫ్యాన్ తిరుగుతోంది గానీ దాని గాలి వేడిగా ఉంది. నాలుక అంగిట్లో అంటుకుపోయింది. తలుపు తెరుచుకుని, తెల్ల దుప్పట్లో పావనిని బయటికి తెచ్చి, "బాగుంది, అంతా బాగా అయింది" అని నర్సు అనగానే నేను సంతోషంగా లేచి నిలబడ్డాను. లేచినంతవరకే నాకు గుర్తు.

కళ్లు తెరిచేసరికి మంచం మీద ఉన్నాను. చేతికి సూది, పైన గ్లూకోజు సీసా. పక్క మంచం మీద పావని. దానికీ ఒక సీసా. మా ఇద్దరి మధ్య స్టూలు మీద అమ్మ, పొద్దున పూసిన పువ్వులా తాజాగా కూర్చుని ఉంది.

నర్సు అమ్మను అడుగుతోంది. "నువ్వు గూడా ఏమీ తినలేదంటివే పెద్దమ్మా. నువ్వెట్ల బాగుండావు?"

"నేనుండేది ఒక్కపొద్దమ్మా. పొద్దున్నే ఉగ్గాని తినొస్తి. పస్తుంటే గదా పడిపోయేది."

పావని కళ్లు తెరిచింది. గొంతు రాక, ముఖం చిట్లించి, నా చేతిలోని సూదినీ పైన సీసానూ చూసింది. అవ్వను దగ్గరికి రమ్మని సైగ చేసి, గుసగుసగా అడిగింది.

"చిన్నమ్మకు గూడా గడ్డలు తీసినారా?"

"లేదు తల్లీ," అంది అమ్మ, దాని జుట్టు నిమురుతూ. "మీ చిన్నమ్మకు సదువు శానా వాసిండె. దాన్ని తీసినారు."

పావని గొంతు బాగయింది. రాత్రిళ్లు గురక లేదు. అక్క మళ్లీ నిద్రపోవడం నేర్చుకుంది. మొక్కు ప్రకారం అందరం కసాపురం కూడా వెళ్లొచ్చాం. నేను టీచరునయ్యాను. పిల్లల మనస్తత్వం గురించి మాత్రం నేటికీ ఎవరికీ సలహా ఇవ్వను.

ఆ గ్లూకోజు సీసా సాక్షిగా ఆనాడే ఒక ప్రతిజ్ఞ చేశాను, ఇప్పటికీ తప్పలేదు. పస్తును పస్తనే పిలుస్తాను, ఎవరు ఏడ్చినా సరే. ఇక ఎవరి ఆపరేషన్‌కైనా తోడు వెళ్లాల్సి వస్తే పొద్దున్నే లేచి, తలంటి పోసుకుని, ఒక తట్ట నిండా ఉగ్గాని తిని మరీ బయల్దేరతాను. ఎవరైనా అడిగితే ఒక్కపొద్దని చెబుతాను.